పెళ్ళికారుకు మంచు టైర్లు

నా పెళ్ళిలో జరిగిన అనర్థానికి కర్తనూ నేనే, డ్రైవరునూ నేనే. చెబుతాను, నవ్వుకోండి. మా ఆవిడ ఎలాగూ రోజూ నవ్వుతూనే ఉంది.

జగ్గయ్యపేటలో నేను టాక్సీ నడిపేవాణ్ణి. నందిగామలో టైర్ల షాపున్న మామగారు నిశ్చితార్థం నాడే తేల్చేశారు: "జాగ్రత్తగా బండి నడుపుతావనే పిల్లనిస్తున్నానయ్యా." ఆ మాట నిలబెట్టుకోవద్దూ! సరిగ్గా అప్పుడే, కాశ్మీరు నుంచి ఆపిల్ లోడుతో వచ్చిన మా లారీ బావ నాలుగు మంచు టైర్లు తెచ్చాడు.

"మంచులో పట్టు కోసం కొన్ని టైర్లకి మేకులు దిగ్గొడతారు, వీటికవి ఉండవురా. అయినా ఐసు మీద అతుక్కుపోతాయి."

"ఐసు మీదే జారనివి మన వానకి జారతాయా బావా!"

ఏ ఎండకా గొడుగు పట్టమన్నారు పెద్దలు. నేను ఆ నాలుగూ నా టాక్సీకి బిగించి, ఎండలో రగ్గు కప్పుకున్నాను.

పెళ్ళికొడుకు వెనక సీట్లో బుద్ధిగా కూర్చోవాలి. నేను స్టీరింగ్ వదిలితేగా! మొహం మీది సెహ్రా పూలు పైకెత్తి చెవులకు తగిలించుకున్నాను.

"ఇయ్యాళన్నా వెనక కూర్చోరా, జనం నవ్వుతారు," అంది అమ్మ.

"మామగారు నా టైర్లు చూడాలమ్మా!"

చూశారు. నందిగామలో వాన పడుతోంది. షాదీఖానా ముందు మామగారు దండ పట్టుకుని నిలబడ్డారు. దర్జాగా బ్రేకు వేశాను. నేను ఆపాను గానీ, బండి ఆగలేదు. తిన్నగా జారుకుంటూ పోయి స్వాగతద్వారాన్ని కౌగిలించుకుంది. మామగారు పక్కకు గెంతారు. నాకు పడాల్సిన దండ బానెట్‌కు పడింది.

ఆయన నా మొహం చూడలేదు. టైరు దగ్గర గొంతుక్కూర్చుని గోటితో నొక్కారు.

"మంచు టైర్లా?"

"ఐసు మీద కూడా జారవండి!"

"చలికి బిగుసుకుపోకుండా మెత్తటి రబ్బరేస్తారు. ఈ సన్నగాట్లు మంచును పట్టుకుంటాయి. మన వేడికి ఆ రబ్బరు హల్వా అయిపోద్ది. తడిరోడ్డు మీద మామూలు టైరంత కూడా ఆగదు. ఇదేనా నీ జాగ్రత్త?"

నాకు నిజంగానే భయం వేసింది. అమ్మాయి నాకు అంత నచ్చింది మరి.

"ఇవి తీసేస్తేనే నిఖా. ఒప్పుకుంటావా?"

"కబూల్! కబూల్! కబూల్!" అని అక్కడే అరిచేశాను.

లోపల్నుంచి ఖాజీగారు తొంగిచూశారు. "అది టైర్లకి బాబూ. అమ్మాయికి మళ్ళీ మూడుసార్లు చెప్పాలి, లోపలికి రా."

అందువల్ల సకల జనులకూ తెలియజేయడమేమనగా, నందిగామ సెంటర్లో మోకాలిలోతు మంచు పడేదాకా ఆ టైర్ల జోలికి పోను. పడినా సరే, ముందు మామగారిని అడుగుతాను.