ఎనిమిది మందీ ఒకేసారి ఎంటర్ నొక్కిన రోజు

నిన్న పొద్దున పాత స్టాఫ్ గ్రూప్‌లో మెసేజ్ వచ్చింది. రెడ్డెమ్మ మేడమ్ ఇక లేరని.

నమ్మబుద్ధి కాలేదు. పాకాలలో ఉండే వాళ్ల తమ్ముడికి ఫోన్ చేశాను. "అవునప్పా, తెల్లారుజామున పోయింది అక్క" అన్నాడు. పెట్టేసి మళ్లీ చేశాను. కాసేపాగి ఇంకోసారి చేశాను. పాపం, మూడుసార్లూ ఓపిగ్గా అదే చెప్పాడు.

ఏ ప్రోగ్రామైనా మూడుసార్లు నడపనిదే రిజల్ట్ నమ్మొద్దని నాకు నేర్పింది ఆవిడే.

మేడమ్ మా తిరుపతి కాలేజీలో కంప్యూటర్ సెంటర్‌కి మొదటి ఇన్‌చార్జి. నేను ఆవిడ కింద అసిస్టెంట్‌గా చేరాను. రోజూ పాకాల నుంచి రైల్లో వచ్చేవారు. చేతికి మగవాళ్లు పెట్టుకునే పెద్ద వాచీ. సంచిలో ఒక పొడుగు నోట్‌బుక్.

ఆ నోట్‌బుక్ గురించి చెప్పాలి.

అప్పట్లో యూనిక్స్ మిషన్లు కొత్త. ఒకటే పెట్టె, దానికి ఎనిమిది టెర్మినళ్లు, అంటే ఒట్టి తెరా కీబోర్డూ. అందరూ ఆ ఒక్క పెట్టెనే పంచుకోవాలి. ఏ కంపెనీని అడిగినా మాదే ఫాస్ట్ అనేది. మేడమ్ ఎవరి మాటా వినేవారు కాదు. తనే ఒక చిన్న ప్రోగ్రామ్ రాసుకున్నారు. ఇరవై లైన్లు ఉంటుందేమో. కలగాపులగంగా ఉన్న కొన్ని వేల నంబర్లను వరసలో పెట్టి, అయిపోగానే బీప్ కొడుతుంది. అంతే.

మద్రాసుకు ట్రైనింగ్‌కి వెళ్లినా, బెంగళూరులో ఏ ఆఫీసు గడప తొక్కినా, "ఐదు నిమిషాలు కూసుంటాను సార్" అని బతిమాలి, ఆ ప్రోగ్రామ్‌ని చూడకుండా టైప్ చేసి, వాచీ చూసి, నోట్‌బుక్‌లో ఎక్కించుకొచ్చేవారు. మిషన్ పేరు. ఎన్ని సెకన్లు. ఆ టైంలో ఎంతమంది వాడుతున్నారు. ఆ మూడో గడి ఎందుకో మాకు అర్థమయ్యేది కాదు. చాటుగా నవ్వుకునేవాళ్లం కూడా.

మా కాలేజీకి కొత్త మిషన్ వచ్చిన రోజు అర్థమైంది.

కంపెనీ ఇంజనీరు ఒక టెర్మినల్ ముందు కూర్చుని మేడమ్ ప్రోగ్రామే నడిపాడు. తొమ్మిది సెకన్లలో బీప్. అందరం చప్పట్లు కొట్టాం. మిషన్ బాగుందని సంతకం పెట్టమని ప్రిన్సిపాల్ గారు మేడమ్ చేతికి పెన్ను ఇచ్చారు. మర్నాడే ప్రారంభోత్సవం. కార్డులు పంచేశారు, బయట శామియానా వేస్తున్నారు.

మేడమ్ పెన్ను టేబుల్ మీద పెట్టేశారు.

"ఒగరు కూసుంటే ఏ మిషనైనా పరిగెత్తతాది సార్. రేపు ఈడ ఎనిమిది మంది కూసుంటారు. ఎనిమిది మందినీ కూసోబెట్టి సూడల్ల."

సెలవులు. పిల్లలు లేరు. దొరికిన వాళ్లందరినీ లాక్కొచ్చారు. నేను, టైపిస్టు, లైబ్రేరియన్, ముగ్గురు అటెండర్లు, క్యాంటీన్ టీ మాస్టరు, చివరికి గేటు దగ్గరి వాచ్‌మన్ మునస్వామి. మేం చేయాల్సిందల్లా మేడమ్ "ఊ" అనగానే ఎంటర్ నొక్కడం.

మునస్వామి ముందే నొక్కేశాడు.

"ఇంకా నేను సెప్పనే లేదు గదప్పా!"

మళ్లీ మొదటి నుంచి. ఈసారి అందరం ఒకేసారి నొక్కాం. ఎనిమిది మంది కాబట్టి నిమిషం పైన పట్టొచ్చని మేడమ్ ముందే లెక్కేశారు. ఐదు నిమిషాలైనా ఒక్క బీప్ లేదు. పెట్టె లోపల డిస్కు గరగరమంటూనే ఉంది. టీ మాస్టరు లేచి వెళ్లి అందరికీ టీ తెచ్చాడు. తాగేశాం. గ్లాసులు కడిగి కూడా వచ్చాడు. అప్పుడు కొట్టింది మొదటి బీప్.

మిషన్‌లో మెమరీ తక్కువ. అందరి పనికీ చోటు చాలక, డిస్కుకీ మెమరీకీ మధ్య మూటలు మోస్తూ కూర్చుంది. మద్రాసులో చూసిన ఒక పాత మిషన్ ఒక్కరితో అయితే దీనికంటే నిదానమట, ఎనిమిది మందితో మాత్రం రెండు నిమిషాల్లో ముగించిందట. నోట్‌బుక్ తీసి చూపించారు.

ప్రిన్సిపాల్ గారి మొహం మాడిపోయింది. "ఇప్పుడెందుకు మేడమ్ గొడవ, సంతకం పెట్టేయండి, తర్వాత చూసుకోవచ్చు" అని ఆవిడ చెవిలో చెప్పింది ఎవరో కాదు. నేనే.

"తర్వాత సూసేది పరీక్షలో పిల్లోళ్లప్పా" అన్నారు.

పెట్టలేదు. శామియానా విప్పేశారు. ప్రిన్సిపాల్ గారు చాలా రోజులు ఆవిడతో మాట్లాడలేదు. కంపెనీ వాళ్లు ఇంకో మెమరీ బోర్డు తెచ్చి వేశాక, మళ్లీ అదే ఎనిమిది మందిమి కూర్చున్నాం. రెండు నిమిషాలు నిండకముందే బీపులు వరసగా మోగాయి. అప్పుడు పెట్టారు సంతకం. పైన బోర్డుకు ముందు పట్టిన టైమూ, తర్వాత పట్టిన టైమూ రెండూ రాసి మరీ.

ఇదంతా ఇప్పుడెందుకంటే...

పోయిన వారం మేడమ్ ఫోన్ చేశారు. మా కాలేజీలో ఆన్‌లైన్ పరీక్షలకు కొత్త సిస్టమ్ పెట్టారు. బాగుందని సంతకం పెట్టాల్సింది ఇప్పుడు నేను. రిటైర్మెంట్ దగ్గర్లో ఉంది, ఎవరితో తగువెందుకని నా బద్ధకం నాది.

"అందురినీ ఒగేసారి కూసోబెట్టి సూసినారా?" అని అడిగారు.

"చూశాం మేడమ్" అన్నాను.

చూడలేదు. డెమో రోజు కంపెనీ అతనొక్కడే కూర్చుని నొక్కాడు, మేం చప్పట్లు కొట్టాం.

ఆవిడ నమ్మారు. "మంచిదప్పా" అన్నారు. మా ఆఖరి మాట అదే.

ఇవాళ ఐరాలలో, వాళ్ల సొంతూరిలో, ఆవిడను సాగనంపి వచ్చాను. దారంతా సిగ్గుతో చచ్చిపోయాను. ఏడ్చి కూర్చుంటే ఆ అబద్ధం పోదు.

సంతకం ఇంకా పెట్టలేదు. చూడకుండా పెట్టను.

సోమవారం పది గంటలకు మా పెద్ద ల్యాబ్‌లో అరవై సిస్టమ్‌లూ ఆన్ చేస్తున్నాను. ఈ టెస్టింగ్‌కి సాఫ్ట్‌వేర్లు ఉన్నాయని నాకూ తెలుసు, అవీ నడుపుతాం. కానీ అరవై కుర్చీల్లో మనుషులు కూర్చోవాలి. తిరుపతి, చిత్తూరు, శ్రీ సిటీ, ఎక్కడున్నా సరే, మేడమ్ తెలిసినవాళ్లు రండి. కంప్యూటర్ రాకపోయినా ఫర్వాలేదు, ఎంటర్ నొక్కడం వస్తే చాలు. నేను చెప్పేదాకా మాత్రం ఆగండి.

ఎంత టైం పడితే అంతా రాస్తాను. బాగలేకపోతే వెనక్కి పంపిస్తాను. నాతో ఎవరు మాట్లాడకపోయినా సరే.

నోట్‌బుక్ వాళ్ల తమ్ముడిని అడిగి తెచ్చుకున్నాను. చివరి పేజీలో ఇంకా చోటుంది. సోమవారం మూడో గడిలో అరవై అని రాయాలి.

వెళ్లిరండి మేడమ్. ఈసారి నిజంగానే చూసి చెప్తాను.

మీరు నిశ్చింతగా ఉండండి.