పటంలో గడ్డ లేదు

మా మేనమామ పోయిన వారం కన్నుమూశాడు. గంజి తాపుదామని లేపితే లేవలేదని పొద్దున్నే అత్త ఫోన్ చేసింది. కాసేపు ఏడ్చి, "గడ్డ మాత్రం మళ్ళా రాలేదు పాపా" అంది. నాకు ఏడుపు ఆగనిది ఆ మాటకే. మామ తలలోని గడ్డను మేమంతా కలిసి గెలిచాం. మామను పోగొట్టుకున్నాం.

పూతలపట్టు చుట్టుపక్కల ఊళ్ళలో ఆయన్ని వాద్యారు అనేవాళ్ళు. వీధినాటకం నేర్పించే అయ్యవారిని మా వైపు అలా పిలుస్తారు. తిరణాలలో ఆడే కథంతా ఆయన నోటికే ఉండేది, కాగితం ముట్టేవాడు కాదు. వేషగాడు పద్యం మరిచి నీళ్ళు నమిలితే, మద్దెల పక్క నుంచి మెల్లగా మొదటి మాట అందించేవాడు. జనానికి తెలిసేదే కాదు. "మరిసిపోయేది తప్పు గాదు, మరిసినోణ్ణి నలుగుర్లో నిలబెట్టేది తప్పు" అనేవాడు. నేను చిత్తూరులో బడిపంతులమ్మను. దొరికినప్పుడల్లా నన్ను ఏడిపించేవాడు: "పుస్తకం మూసేస్తే మీ సదువు యాడుంటాది పాపా?"

తలనొప్పులు మొదలై, వాంతులు పట్టుకుని, తిరుపతిలో స్కాను తీయిస్తే గడ్డ బయటపడింది. తలంతటికీ కరెంటు పెట్టాలన్నారు. రేడియేషన్‌ను మా ఇళ్ళలో కరెంటు అనే అంటాం. కదలకుండా ముఖానికి వల లాంటి తొడుగు బిగించి పడుకోబెట్టేవాళ్ళు. మామకు భయమే లేదు. ఇంతకన్నా బిగువు కిరీటాలు కట్టుకుని తెల్లవార్లూ ఎగిరానని అక్కడి నర్సమ్మలను నవ్వించాడు. జుట్టు రాలిపోతే, "కొండెక్కకుండానే గుండు గొట్టించినాడు సామి" అన్నాడు.

తరువాతి స్కానులో గడ్డ కనిపించలేదు. అత్త ఊరి దేవుళ్ళందరికీ కొబ్బరికాయలు కొట్టింది. ఎదురుపడ్డ వాళ్ళందరికీ స్కానులో ఏమీ లేదని చెప్పింది. చెప్పదా మరి, మేమూ అదే సంతోషంలో ఉన్నాం.

కొన్నాళ్ళకు మామ తిన్న తరువాత తినలేదనడం మొదలుపెట్టాడు. తమలపాకులకు వెళ్ళి అంగడి ముందు ఊరికే నిలబడి వచ్చేవాడు. అన్నిటికన్నా నన్ను భయపెట్టింది, పద్యం ఎత్తుకుని రెండో పాదం దగ్గర ఆగి గోడకేసి చూడటం. మళ్ళీ తిరుపతికి తీసుకెళ్ళాం.

డాక్టరమ్మ పాత స్కాను పటాన్నీ కొత్త పటాన్నీ పక్కపక్కన పెట్టి చూపించింది. గడ్డ లేదు. కానీ తెల్లటి మరకలు మునుపటికన్నా బాగా పరుచుకున్నాయి. కరెంటు గడ్డతో పాటు మంచి నరాలనూ దెబ్బతీసిందని, జ్ఞాపకాలు నిలిచే చోటు సన్నబడిందని ఓపిగ్గా చెప్పింది. మామ అంతా విని కుర్చీ ముందుకు జరుపుకున్నాడు.

"నా పద్యాలు ఇందులో యాడుండేటివో రవ్వంత సూపించు తల్లీ" అన్నాడు.

ఆమె వేలు తెర దాకా వెళ్ళి ఆగిపోయింది. మందేమైనా ఉందా అని నేను అడిగాను. ఎంత పోయిందో చూడగలమని, పోయినదాన్ని తెచ్చిపెట్టలేమని నిజమే చెప్పింది. ఆరు నెలలకు మళ్ళీ స్కానుకు రమ్మంది. ఇంకెంత పోయిందో చూడటానికి కాబోలు. ఆమె మీద కోపం లేదు, ఆ పటం మీదే కోపమొచ్చింది. ఇంత బాగా చూపించేది ఒక్క పాదమైనా తిరిగి ఇవ్వలేదు కదా.

పోయిన ఏడాది తిరణాలకు గుడి పెద్దలు మామ చేతిలో తాంబూలం పెట్టారు, తపస్సు మాను నడిపించమని. ఆ రోజు శివుడి కోసం తపస్సు చేసే రాజు వేషగాడు మెట్లు కట్టి నిలబెట్టిన ఎత్తయిన తాటిమాను ఎక్కుతాడు. మెట్టుకో పద్యం. కింద నుంచి వాద్యారు మొదటి మాట అందిస్తే తప్ప పైవాడు నోరు తెరవకూడదు, చివరి పద్యం దాకా దిగకూడదు. మామ వల్ల కాదని వెళ్ళి చెప్పాను. "స్కానులోనే ఏం లేదంటే నువ్వేందమ్మా ఉందంటావు?" అన్నాడు పెద్దాయన. గడ్డ లేదంటే తల బాగుందనే వాళ్ళ లెక్క. లేకుండా పోయిందేమిటో నాకు చెప్పడం చేతకాలేదు. అప్పటికే మామ తాంబూలాన్ని కళ్ళకద్దుకున్నాడు, దాన్ని లాక్కునే ధైర్యం అత్తకూ లేదు, నాకూ లేదు.

ఎండ నడినెత్తిన ఉంది. పిల్లల కోసం మొక్కుకున్న ఆడవాళ్ళు తడిబట్టలతో మాను చుట్టూ సాగిలపడి ఉన్నారు. వేషగాడు మామ దగ్గర చిన్నప్పటి నుంచి నేర్చుకున్నవాడే. కింది మెట్లు బాగానే సాగాయి. సగం మాను మీద వాడు ఆగి కిందికి చూశాడు. మామ నోరు తెరిచాడు, మాట రాలేదు. మద్దెల ఒకే వరస మళ్ళీ మళ్ళీ వాయించింది. జనం గుసగుసలు మొదలుపెట్టారు. నాకా పద్యం రాదు. మామ మోచేయి పట్టుకుని నిలబడ్డాను, అంతకుమించి నేను చేయగలిగింది లేదు. చివరికి పైనున్నవాడు మామకేసి ఒక చేయెత్తి దండం పెట్టి, ఆనవాయితీ పక్కనబెట్టి, తానే పద్యం ఎత్తుకున్నాడు. మిగిలిన మెట్లన్నీ అలాగే పాడుకుంటూ ఎక్కాడు.

మామ తలెత్తి విన్నాడు. ముఖం వెలిగిపోయింది.

"ఎంత బాగా పాడతా ఉండాడు పాపా. ఎవురు నేర్పినారో వానికి."

"నువ్వే మామా" అన్నాను.

ఎగతాళి చేస్తున్నాననుకుని నవ్వాడు. వేషగాడు పైనుంచి విసిరే నిమ్మకాయలు, విభూతి పొట్లాలు పడసాగాయి. అవి ఒళ్ళో పడితే కోరింది దక్కుతుందని నమ్మకం. ఆడవాళ్ళు లేచి కొంగులు పట్టారు. మామ నా చేయి విడిపించుకుని, భుజం మీది తువ్వాలు తీసి రెండు చేతులా చాచి పట్టుకుని వాళ్ళ మధ్యకు వెళ్ళాడు. వేషగాడు దిగివచ్చి ఆయన కాళ్ళకు మొక్కాడు. మామ వాడి వైపు చూడలేదు. ఖాళీ మాను మీదికి చూస్తూ తువ్వాలు చాచుకునే ఉన్నాడు.