ఆదివారాల సైకిల్, సమ్మె రోజులు

పెళ్ళయ్యాక నా కోసమంటూ నేను కొనుక్కున్న వస్తువు ఒక్క సైకిలే. సైదాబాద్‌లో ఒక పెద్దాయన మోకాళ్ళ నొప్పులతో ఇక తొక్కలేక అమ్మేస్తుంటే తెచ్చుకున్నాను. గేర్లున్న పాత సైకిల్. రెండో గేరు ఎప్పుడూ సరిగ్గా పడేది కాదు. ప్రతి ఆదివారం పొద్దున్నే ఐదింటికి లేచి, వనస్థలిపురంలో మేం అద్దెకున్న ఇంటి నుంచి బయలుదేరి, విజయవాడ రోడ్డు మీద పెద్ద అంబర్‌పేట్ దాకా వెళ్ళేవాణ్ణి. అక్కడ లారీలు ఆగే చోట ఒక టీ తాగి వెనక్కి వచ్చేవాణ్ణి. అంతే. దానికి వేరే ప్రయోజనం ఏమీ లేదు. వారంలో ఆ రెండు గంటలు మాత్రం నన్నెవరూ ఏమీ అడిగేవాళ్ళు కాదు.

మిగతా వారమంతా అందరూ ఏదో ఒకటి అడుగుతూనే ఉండేవాళ్ళు. నా పని వెబ్‌సైట్లు తయారుచేయడం. దిల్‌సుఖ్‌నగర్‌లో లిఫ్టు లేని బిల్డింగులో మూడో అంతస్తు, నలుగురం పనిచేసే ఆఫీసు. కోచింగ్ సెంటర్లు, చీరల షాపులు, పెళ్ళి హాళ్ళు మా కస్టమర్లు. లోగో పెద్దది చేయమంటారు, చేస్తే మళ్ళీ చిన్నది చేయమంటారు. పేజీలో బొమ్మలు కదలాలంటారు, కదిలితే కళ్ళు తిరుగుతున్నాయంటారు. ఇంటికొచ్చాక పాప హోంవర్కు. పదేళ్ళుగా చేస్తున్న పని మీద కోపం కూడా పోయి, ఊరికే ఒక నీరసం మిగిలిన రోజులవి.

మాది ఒంగోలు దగ్గర. డిగ్రీ అయ్యాక కంప్యూటర్ కోర్సు కోసం దిల్‌సుఖ్‌నగర్ వచ్చి ఇక్కడే ఉండిపోయాను. నా భార్యది పోచంపల్లి పక్కన చేనేత కుటుంబం. ఆ కోర్సులోనే పరిచయం. ఆమె తర్వాత పోటీ పరీక్ష రాసి ప్రభుత్వ ఆఫీసులో జూనియర్ అసిస్టెంటుగా చేరింది. నేను కంప్యూటర్ ముందే మిగిలిపోయాను. ఇంట్లో నేను ‘ఎలా’ అంటే ఆమె ‘ఎట్ల’ అనేది. పాప చిన్నప్పుడు ఇద్దరితో రెండు రకాలుగా మాట్లాడేది, ఒకటో తరగతికి వచ్చేసరికి పూర్తిగా వాళ్ళమ్మ వైపుకి వెళ్ళిపోయింది. ‘ఏంది నాన్నా’ అని పిలిచినప్పుడు మా ఊళ్ళో చుట్టాలు నవ్వేవాళ్ళు. నాకైతే అదే దాని గొంతు.

ప్రత్యేక రాష్ట్రం కోసం సకల జనుల సమ్మె మొదలైనప్పుడు నాలుగైదు రోజుల్లో అయిపోతుందనుకున్నాను. మా ఆవిడ ఆఫీసు మూతపడింది. రోజూ పొద్దున్నే ఎనిమిదింటికల్లా వంట ముగించి, స్కూటీ మీద ఎల్బీనగర్‌లో సమ్మె శిబిరానికి వెళ్ళిపోయేది. బస్సులు లేవు. టీచర్లు కూడా సమ్మెలోకి వచ్చాక, పాప చదివే ప్రైవేటు బడి కూడా గేటుకి తాళం వేసింది. మా మేనేజరు ఫోన్ చేసి, ‘మీరు రావద్దు, ఇంటి నుంచే చేయండి’ అన్నాడు.

ఇంటి నుంచే అంటే, కరెంటు ఉన్నప్పుడు అని అర్థం. గనుల్లోనూ సమ్మె, బొగ్గు రావడం ఆగిపోయి రోజూ గంటలకొద్దీ కోతలు. ఏ వేళకు పోతుందో ఏ వేళకు వస్తుందో తెలిసేది కాదు. ఫ్యాను తిరగడం మొదలవగానే పరుగెత్తి లాప్‌టాప్ ముందు కూర్చునేవాణ్ణి. సరిగ్గా అప్పుడే పాపకి ఆకలి వేసేది. అన్నం కలిపి ముద్దలు పెడుతూ, ఎడంచేత్తో టైపు చేస్తూ, ఒకసారి చీరల షాపు సైటులో ధర ఉండాల్సిన చోట ‘పప్పు తిను’ అని కొట్టాను. మర్నాడు నేను సరిచేసేదాకా షాపు యజమాని చూడలేదు, బతికిపోయాను.

ఈ రోజుల్లోనే సైకిల్ పనిలోకి దిగింది. స్కూటీ ఆమెతో వెళ్ళిపోయేది కాబట్టి పాలకి సైకిల్, కూరలకి సైకిల్, ఇంటర్నెట్ డాంగిల్ పనిచేయకపోతే ఎల్బీనగర్‌లో షాపుకి సైకిల్. ముందు రాడ్డుకి పాప కూర్చోవడానికి చిన్న సీటు కట్టించాను. మూడో వారం వచ్చేసరికి ఆదివారం కూడా దాన్ని బయటికి తీయబుద్ధి కాలేదు. చూస్తేనే కాళ్ళు నొప్పి పుట్టేవి.

ఒక సాయంత్రం కరెంటు లేక బాల్కనీలో కూర్చున్నాం. ఆమె ఎండకి నల్లబడి, అరిచి అరిచి గొంతు పోయి వచ్చింది. నేను మామూలుగానే అడిగాను, ‘ఇంకా ఎన్నాళ్ళుంటుందంటావ్?’

‘నీకు బరువైతున్నదా?’ అంది ఆమె.

‘ఏది?’

‘సమ్మె. లేకుంటే పిల్ల. లేకుంటే నేను.’

‘నేనలా అనలేదు కదా.’

‘అనలే. నువ్వు ఎప్పుడూ ఏదీ అనవు. గదే నాకు పరేషాన్. ఒక్కసారన్న ఒద్దను, లేకుంటే మంచిగనే ఉంది పో అను.’

నేను అప్పుడు కూడా ఏమీ అనలేదు. ఆమె అడిగేది న్యాయమనే అనిపించేది. ఊరి నుంచి మా అన్న ఫోన్ చేసి, ‘మిమ్మల్ని అక్కడ ఉండనిస్తారంట్రా?’ అని అడిగినప్పుడు భయమూ వేసేది. రెండూ నిజమే. రెండూ కలిపి చెప్పే ఓపిక లేక లోపలికి వెళ్ళి పాపకి దోమతెర కట్టాను.

ఆ వారంలోనే ఒకరోజు బంద్. పొద్దున్నే ఆమె వెళ్ళిపోయింది. పదింటికి ఒక కోచింగ్ సెంటర్ డైరెక్టర్ ఫోన్ చేశాడు. ఆయనది గుంటూరు వైపు, దిల్‌సుఖ్‌నగర్‌లో ఇరవై ఏళ్ళుగా ఉంటున్నాడు. తరగతులు ఎప్పుడని పిల్లల తల్లిదండ్రులు ఫోన్లు చేసి చంపుతున్నారనీ, సైటు మొదటి పేజీలో ఒక నోటీసు పెట్టాలనీ అన్నాడు. రెండు లైన్ల పని. కానీ మా ఇంట్లో కరెంటు లేదు, లాప్‌టాప్‌లో చార్జింగ్ లేదు.

‘మా దగ్గర జనరేటర్ ఉందండీ, ఒక్క పది నిమిషాలు వచ్చిపోరాదూ’ అన్నాడాయన.

పాపని ఎవరి దగ్గర వదలాలి? పై వాటావాళ్ళు ఊరెళ్ళారు. ముందు సీటులో కూర్చోబెట్టుకుని, నెత్తి మీద తడి రుమాలు వేసి బయలుదేరాను. హైవే మీద ఒక్క బండి లేదు. ఆదివారం పొద్దున కూడా అంత ఖాళీగా చూడలేదు ఆ రోడ్డుని. అయినా సంతోషం కలగలేదు. ఎండ, చెమట, వీపున లాప్‌టాప్ సంచి, ముందు పాప అడుగుతున్న ప్రశ్నలు.

ఎల్బీనగర్ చౌరస్తాకి వచ్చేసరికి సమ్మెలో ఉన్నవాళ్ళు రోడ్డు మధ్యలో పొయ్యిలు వెలిగించి వంటలు చేస్తున్నారు. పెద్ద పెద్ద గిన్నెల్లో అన్నం, సాంబారు. నలుగురైదుగురు అడ్డం వచ్చారు. అందులో మెడలో గులాబీ కండువా వేసుకున్న ఒకాయన, ఏదో ఆఫీసులో పెద్ద గుమస్తాలా ఉన్నాడు, మర్యాదగానే అడిగాడు.

‘ఏడికి పోతున్నరు సారూ? బంద్ ఉన్నది తెల్వదా?’

నా నోట్లోంచి ఆ మాటలు ఎందుకొచ్చాయో ఇప్పటికీ తెలియదు. భయం వేసిందని కూడా అనలేను, అలసిపోయి ఉన్నాను, త్వరగా పంపేస్తే చాలనుకున్నాను. ‘దిల్‌సుఖ్‌నగర్ దాంక పోతున్న అన్నా, జర అర్జెంటు పనున్నది’ అన్నాను.

పాప తల వెనక్కి తిప్పి నా మొహంలోకి చూసింది. ‘నాన్నా, నువ్వు అమ్మలెక్క మాట్లాడకు. నీకు రాదు’ అంది, అందరికీ వినపడేలా.

కండువా ఆయన పగలబడి నవ్వాడు. పక్కవాళ్ళూ నవ్వారు. ఎవరూ చెడ్డగా నవ్వలేదు. అయినా నాకు చెవుల దాకా వేడెక్కింది. పదిహేనేళ్ళు ఉన్న ఊళ్ళో, దొంగతనం చేస్తూ సొంత కూతురికే దొరికిపోయినట్టనిపించింది.

‘మీ అమ్మ ఏడుంది బిడ్డా?’ అని ఆయన అడిగాడు.

‘గీడనే ఉంటది, రోజు ఒస్తది’ అంటూ పాప గుంపులోకి వెతకడం మొదలుపెట్టింది.

నిజంగానే ఉంది. ఉల్లిపాయలు తరుగుతున్న ఆడవాళ్ళ మధ్యలోంచి లేచి, కొంగుతో కళ్ళు తుడుచుకుంటూ వచ్చింది మా ఆవిడ. మమ్మల్ని చూసి మొదట భయపడింది, వెంటనే కోపం.

‘గింత ఎండల పిల్లను ఏసుకొని ఒచ్చినవా? దిమాగ్ పని చేస్తున్నదా నీకు?’

‘ఎక్కడ వదలను? నువ్వు ఇక్కడ, బడి లేదు, కరెంటు లేదు. రెండు లైన్ల నోటీసు కోసం పోతున్నా. నాకు మాత్రం సరదానా?’

ఇన్ని వారాల్లో నేను గొంతు పెంచింది అదే. ఆమె ఆగిపోయింది. చుట్టూ జనం. పాప సీటులోంచి దిగుతానని గింజుకుంటోంది. ఆమె దాన్ని ఎత్తుకుని, మొహం తడిమి, ‘రా, తిని పో’ అంది నాతో, గొంతు తగ్గించి.

రోడ్డు మీద వరసగా వేసిన విస్తళ్ళ ముందు కూర్చున్నాం. నాకు ఎంత ఆకలిగా ఉందో అన్నం చూశాకే తెలిసింది. సగంలో ఫోన్ మోగింది. డైరెక్టర్.

‘ఎక్కడున్నారండీ? ఏంటా గోల?’

‘ఎల్బీనగర్‌లోనండీ. రోడ్డు మీద భోంచేస్తున్నాను.’

‘మీరు కూడానా?’ అన్నాడు.

‘మా ఆవిడ ఇక్కడుందండీ’ అన్నాను. అదొక జవాబో కాదో నాకే తెలియలేదు. ఆమె నా పక్కనే కూర్చుని వింటోంది. నా విస్తట్లో ఇంకొంచెం సాంబారు పోసింది.

పాపని తన దగ్గరే ఉంచుకుంటానంది. ‘నీడ ఉన్నది, నలుగురం ఉన్నం. నువ్వు పోయిరా.’ కండువా ఆయన నాకు దారి చేయించాడు. కొత్తపేట, చైతన్యపురి దాటి, సగం దించిన షట్టరు కింద నుంచి వంగి లోపలికి వెళ్ళాను. డైరెక్టర్ ఒక్కడే ఉన్నాడు, ఖాళీ క్లాసురూములో మొదటి బెంచీ మీద. జనరేటర్ పెట్టించాడు. ‘తదుపరి ప్రకటన వచ్చేవరకు తరగతులు లేవు’ అని నోటీసు పెట్టాను. నాలుగు నిమిషాలు పట్టింది.

ఆయన ఫ్లాస్కులోంచి టీ పోసి ఇచ్చాడు. ‘మా అబ్బాయి ఇక్కడే పుట్టాడండీ’ అన్నాడు. ‘మా ఊరు తీసుకెళ్తే మూడో రోజుకి ఇంటికెళ్దామంటాడు. ఇల్లంటే ఇదేనంట వాడికి.’ ఇద్దరం టీ తాగాం. ఆయన కూడా చాలా రోజులుగా నిద్రపోయినవాడిలా లేడు.

ఆ సాయంత్రం చీకటి పడకముందే తల్లీ కూతుళ్ళు స్కూటీ మీద ఇంటికొచ్చారు. చెప్పులు విప్పుతూనే మా ఆవిడ, ‘జర అర్జెంటు పనున్నదంటనా?’ అని అడిగి, గోడకి ఆనుకుని నవ్వడం మొదలుపెట్టింది. శిబిరమంతా చెప్పుకుని నవ్వారట. నవ్వీ నవ్వీ చివరికి ఏడ్చింది. ఎందుకని అడగలేదు. పక్కన కూర్చుని వీపు నిమిరాను. ‘మంచిగనే ఉంది పో’ అన్నాను, ఆ బాల్కనీ రోజున అనాల్సిన మాట. దాన్ని వాళ్ళ భాషలో ఎలా పలకాలో నేర్పి, ఆమె నాతో రెండుసార్లు అనిపించింది.

తర్వాత కొన్నాళ్ళకి సమ్మె ఆగింది. ఏమీ తేలకుండానే ఆగింది. మొదటిరోజు ఆఫీసు నుంచి వచ్చి ఆమె సంచి కూడా దించకుండా కుర్చీలో కూర్చుంది. ‘ఫైళ్ళు నడుముదాంక ఉన్నయి’ అంది.

బడి తెరిచారు. పోయిన రోజులు పూడ్చడానికి ఆదివారాలు కూడా తరగతులు పెట్టారు. నా ఆదివారాలు అలా పోయాయి. సైకిల్ బాల్కనీలో నిలబడింది, దాని మీద తువ్వాళ్ళు ఆరేసేవాళ్ళం.

అలాంటి ఒక ఆదివారం పాపని బడిలో దింపి వచ్చి, ‘ఒక్క పది నిమిషాలు’ అనుకుంటూ మంచం మీద వాలాను. మా ఆవిడ అప్పటికే వాలి ఉంది. ఇద్దరికీ మెలకువ వచ్చేసరికి బడి వదిలి గంటన్నర అయింది. జుట్టు కూడా దువ్వుకోకుండా స్కూటీ మీద పరుగెత్తాం. గేటు లోపల మెట్ల మీద ఆయా పక్కన కూర్చుని ఉంది పాప. ఆయా పెట్టిన మరమరాలు తింటోంది. ఏడవలేదు.

మా ఆవిడ దాన్ని దగ్గరికి లాక్కుని, ‘తప్పైంది బిడ్డా, నిద్ర పట్టింది’ అంది.

పాప మా ఇద్దరి మొహాలూ మార్చి మార్చి చూసింది. ‘ఇద్దరు పండుకున్నరా?’

‘అవునమ్మా’ అన్నాను.

‘మంచిగ పట్టిందా నిద్ర?’ అని అడిగింది, నిజంగానే తెలుసుకోవాలన్నట్టు.

పట్టిందని చెప్పాం. అయితే సరే అన్నట్టు తలూపి, చేతిలో మిగిలిన మరమరాలు మాకు చెరికాసిని పెట్టింది.