టైర్లు లేని లారీకి రోజూ లైన్లో చోటు

ఇంకా ఒళ్లు మండుతోంది, అందుకే రాస్తున్నాను.

పోర్టు దగ్గర ఓ యార్డులో స్టీలు కాయిల్స్ ఎక్కించుకునే లారీలను వరసగా మైకులో పిలిచే ప్రోగ్రాం మా కంపెనీదే. ఇవాళ వేరే పని మీద వెళ్లి పాత జాబితాలు చూస్తే, ప్రతిదాని చివరా ఒకటే లారీ నంబరు. ఆ లారీ ఏమో టైర్లు లేకుండా కాటా వెనక తుప్పు పట్టి ఉంది.

యార్డు సూపర్‌వైజరు అప్పలరాజుని అడిగాను.

“ఆకరి బండిని మీ కంప్యూటర్ పిలవదు బావా. ఓ డ్రైవరు పొద్దల్లా ఎండలో ఉండిపోయాడు. అప్పట్నించీ ఆకర్న దీన్ని రాత్తన్నాం.”

“మరి మాకు చెప్పలేదేం?”

“పని జరిగిపోతంది కదా, ఏటి సెప్పడం?”

రెండేళ్లుగా ఇదే తంతు! కోడు తెరిచాను. మా డేటాబేస్ భాషలో జాబితా ఒకటి నుంచి మొదలవుతుంది. రాసిన మహానుభావుడు సున్నా నుంచి లెక్కపెట్టాడు. అందుకే ప్రోగ్రాం సున్నా స్థానంలో అసలు లేని లారీతో మొదలుపెట్టి, ఉన్న చివరి లారీకి ముందే ఆగిపోతోంది. పళ్లు నూరుకుంటూ రెండు నిమిషాల్లో సరిచేశాను.

నాలుగింటికి మైకు జాబితా చివరనున్న ఆ తుప్పు లారీని కూడా పిలిచింది. రాకపోయేసరికి మళ్లీ మళ్లీ పిలిచింది. డ్రైవర్లంతా ఒకటే నవ్వు. అప్పలరాజు పరుగెత్తుకొచ్చాడు.

“సూసావా బావా? ఇన్నాళ్లూ బాగానే నడిసింది. నువ్వు సెయ్యెట్టావ్, సెడిపోయింది!”

అక్కడితో ఆగకుండా మా మేనేజరుకు ఫోన్ కొట్టాడు. పాత కోడే పెట్టేయమని ఆయన హుకుం. పెట్టేసి వచ్చాను.

ఆ యార్డులో తప్పు కోడుకి ఉద్యోగం ఉంది, టైర్లు లేని లారీకి ఉద్యోగం ఉంది. నాది ఉంటుందంటారా?