దర్జీ మామ వేసిన కుట్టు

పూతలపట్టులో మా పక్కింటి దర్జీ మామ మొన్న పోయాడు. ఆయన భార్యను నేను అత్తా అని పిలుస్తాను. ఫోన్‌లో అత్త ఒక్క మాటే అంది: "మీ మామ ఎల్లిపోయినాడు పాపా." పలమనేరులో ఉన్న నేను బీరువాలోంచి ఆకుపచ్చ చీర తీసి కట్టుకుని బస్సెక్కాను. ఆ చీరే ఎందుకో చెప్పాలంటే నా మొగుడి కొడవలి దగ్గర మొదలుపెట్టాలి.

ఆ రోజు మిట్టమధ్యాహ్నం వాడు తాగి వచ్చి నన్ను జుట్టు పట్టి ఈడ్చాడు. కడుపులో తన్నాడు. కొడవలి మొదటి వేటు భుజంలో దిగింది, ఎముకకు తగిలిన చప్పుడు నాకు వినబడింది. రెండోది మెడకే వచ్చేది. గోడ దూకి వచ్చిన మామ కొడవలిని వాదర వైపే పట్టుకున్నాడు. ఆయన ఎడమచేతి వేళ్ళు రెండు నా ఒళ్ళో పడ్డాయి.

నేను ఆసుపత్రిలో ఉండగా, వేటు పడ్డప్పుడు నా ఒంటిమీదున్న ఆ ఆకుపచ్చ చీరను అత్త ఉతికింది. మామ కట్టుకట్టిన చేతిని గుడ్డ మీద ఆనించి, కుడిచేత్తో కొడవలి కోతను కనబడనంత సన్నగా కుట్టేశాడు. ఆడబిడ్డ చినిగిన చీరతో ఇంటికి రాకూడదట. మర్నాడు పోలీసులు వచ్చి చీర ఏదని అడిగారు.

మా తరఫు వకీలు తల పట్టుకున్నాడు. చీరకు కోతే లేకపోతే, ఆ గాయం కొడవలి వేటుది కాదని, ఇంకెక్కడో తగిలించుకున్నానని అవతలివాళ్ళు వాదిస్తారన్నాడు. కేసు పోతే వాడు తిన్నగా నా ఇంటికే వస్తాడు.

సాక్ష్యానికి ముందు పదిరోజులు మామ నన్ను అంగట్లో కూర్చోబెట్టి జరిగింది జరిగినట్టు చెప్పించాడు. మిషను తొక్కుతూ వినేవాడు. నేను ఏదైనా దాటేస్తే మిషను ఆగేది. కడుపులో తన్నిన సంగతి రోజూ దాటేసేదాన్ని. అప్పుడు నాకు మూడో నెల. ఆ బిడ్డ నిలవలేదు.

"ఏడుపొస్తే ఏడువు పాపా. మాట మాత్రం మింగొద్దు," అన్నాడు.

చిత్తూరు కోర్టులో ఏడ్చాను. ఏదీ మింగలేదు. నా తర్వాత మామ బోనెక్కాడు. అవతలి వకీలు చీర పరిచి, కోత ఎక్కడయ్యా అని ఎగతాళిగా అడిగాడు. మామ చీర తిరగేసి, ఎడమచేతికి మిగిలిన మూడు వేళ్ళతో తడుముతూ వెళ్ళి ఒకచోట ఆగాడు.

"ఈడ దిగినాది సామీ కొడవలి. నేనే కుట్టేసినాను. ఆ తప్పు నాది, వేటు మాత్రం వాడిది."

జడ్జిగారు చీరను దగ్గరికి తెప్పించుకుని చాలాసేపు చూశారు. వాడికి శిక్ష పడింది. వాణ్ణి నేను క్షమించలేదు, క్షమించను కూడా.

అంతా ముగిశాక చీర నా చేతికొచ్చింది. మామ ఆ చేత్తోనే మళ్ళీ ఊరందరికీ రవికలు కుట్టాడు. కొలత ఏనాడూ తప్పలేదు. పండగ రవిక మాత్రం చెప్పిన రోజుకు ఇచ్చిన పాపాన పోలేదు.

నా భుజం మీద డాక్టరు వేసిన కుట్లు ఇప్పటికీ ఎత్తుగా, వంకరగా ఉంటాయి. చీర కడితే మామ కుట్టు సరిగ్గా వాటి మీదికే వస్తుంది. నేను మామ ఇంట్లోకి వెళ్ళగానే అత్త నన్ను పట్టుకుని ఏడ్చింది. వీపు నిమురుతున్న ఆమె చెయ్యి భుజం దాకా వచ్చింది. వేళ్ళకు ఆ కుట్టు తగిలి అక్కడే ఆగిపోయింది.