నర్సయ్య నీలం, లింగం పోసిన మందు

మిల్లులు కరోనా తాళాలు తీసిన మరుసటి ఏడు, హోలీ మరునాడు, నన్ను సూరత్ పక్కన కడోదరాలోని ఒక డైయింగ్ మిల్లుకు ల్యాబ్ ఇన్‌ఛార్జిగా వేశారు. హోదాలో నా పైన మేనేజరు, ఆయన పైన శేఠ్, శేఠ్ పైన అక్కడి బోరు నీళ్లు. వాటిలో ఎంత ఇనుముందంటే, బకెట్టు పక్కన అయస్కాంతం పెడితే నీళ్లే లేచి నడిచొచ్చేవి.

ఇనుము రంగుతో కలిస్తే గుడ్డకు మచ్చలు పడతాయి. అందుకే ముందుగా ఈడీటీఏ అనే మందు పోస్తాం. అది ఎండ్రకాయలా లోహాన్ని అన్నివైపులా పట్టేసి, రంగు జోలికి పోనివ్వదు. మన సబ్బుల్లో ఉండేదీ, ఒంట్లో సీసం చేరినవాళ్లకు డాక్టర్లు ఎక్కించేదీ ఈ జాతే.

సూరత్‌లో ఉన్ అనే పేటలో ఉండే నర్సయ్యది జగిత్యాల వైపు. పరుల లూముల మీద జుట్టు నెరిశాక, తొలిసారి సొంత లూము మీద నేసిన రేయాన్‌ను ముదురు నీలం అద్దించడానికి తెచ్చాడు. సాయంత్రానికి ఆ నీలం చూపకపోతే వ్యాపారి ఆర్డరు పక్కవాడికిస్తాడు. సరుకు తెచ్చినవాడు మెషిన్ పక్కనే నిలబడి ఆపరేటరుకు చాయ్ తాగించడం అక్కడి ఆచారం. ఆపరేటరు లింగం అతని ఊరివాడే.

"లింగన్నా, గా మందు జర ఇంకింత పొయ్యరాదే. మచ్చ పడితే నా బతుకు ఆగమైతది."

"సారు ఒక్క మగ్గే అన్నడు."

"సారుకేం ఎరుక! మటన్ల కారం కొలిచి ఏస్తమా?"

రెండు చాయ్‌లు లోపలికి, రెండు మగ్గులు మెషిన్లోకి పోయాయి.

గుడ్డ బయటికొచ్చింది. మచ్చ లేదు. నీలమూ లేదు. సూరత్ వంకాయలన్నీ సిగ్గుపడే ఊదా రంగు! నర్సయ్య తడి నేల మీదే కూలబడ్డాడు.

ఆ నీలం రంగులోనే రాగి ఉంటుంది. ఇనుమునంతా పట్టేశాక, మిగిలిన మందు ఆ రాగినీ లాగేసింది. నీళ్లు వదిలించి, గుడ్డను కడిగించి, ముందు ల్యాబ్‌లో ఒక ముక్క మీద చూసుకుని, గోరువెచ్చని నీళ్లలో మైలుతుత్తం, కాస్త ఎసిటిక్ ఆమ్లం వేయించాను. మైలుతుత్తమంటే రాగి ఉప్పే. తప్పిపోయిన మేక దొడ్డికి వచ్చినట్టు నీలం తిరిగొచ్చింది. వ్యాపారి ఎండలో పట్టి చూసి "చాలశే" అన్నాడు, అంటే గుజరాతీలో 'నడుస్తుందిలే' అని. సూరత్ బజారులో అంతకు మించిన బిరుదు లేదు.

ఏ లోహం పగవాడిదో, ఏది మనదో పట్టే మందుకు తెలియదు; ఆ తేడా కొలతలోనే ఉంటుంది. ముందస్తు విరమణ తీసుకునేదాకా నేను చాయ్ ఆపించలేకపోయాను. మగ్గును మాత్రం నా టేబులుకు గొలుసుతో కట్టించాను. మరుసటి సరుకు తెచ్చిన రోజు నర్సయ్య ఆ గొలుసును లాగి చూసి, "గట్టిగనే ఉంది సార్" అన్నాడు.