మా బర్రెను భయపెట్టలేకపోయిన గ్రహాంతరవాసి

ఎనభైల మొదట్లో లాల్‌దర్వాజాలో మాది పాల వ్యాపారం. ఇంటి వెనక కొట్టంలో ఆరు బర్రెలుండేవి. ఒకరోజు పొద్దున పాలు పిండడం అయ్యాక ఒక సినిమా దర్శకుడు వచ్చాడు. ఆయన పేరు అంతకుముందు వినలేదు, ఆ తర్వాతా వినలేదు.

ఆయన కథలో వేరే గ్రహంవాళ్లు మనుషుల రూపంలో బస్తీలో తిరుగుతుంటారట. మనుషులు పోల్చుకోలేరుగానీ పశువులు పసిగడతాయట. వాళ్లలో ఒకణ్ణి చూసి మా బర్రెల్లో ఒకటి బెదరాలి. మనిషి రూపమైతే వేషానికి ఖర్చుండదు, అంతే కథ.

"మరి గ్రహపోడని జనానికెట్ల తెలుస్తది?" అని అడిగాను.

"చెవి వెనక ఆకుపచ్చ రంగు పూస్తాం బ్రదర్," అన్నాడు గొప్పగా.

మా బాపు పొంగిపోయి ఒప్పేసుకున్నాడు. అమ్మ మూతి తిప్పుకుని లోపలికి పోయింది.

మర్నాడు నటుడు వచ్చాడు. రెప్ప వేయకుండా, కర్రలా బిగుసుకుని నడిచాడు. వాళ్ల గ్రహంలో అందరికీ నడుం నొప్పేమో! బర్రె వాణ్ణి వాసన చూసి, మెడ చాపి, చెవి వెనక రంగంతా నాకేసింది. "అమ్మో!" అని కేకేసి వాడే బెదిరి పేడలో కూర్చున్నాడు.

దర్శకుడు రేకు డబ్బా కొట్టించాడు. బర్రె నెమరు ఆపలేదు. చివరికి మాకు చెప్పకుండా దాని వెనక పటాకా పేల్చాడు. అది పలుపు తెంపుకుని సందులోకి ఉరికింది.

"సూపర్!" అని ఎగిరాడు ఆ మహానుభావుడు.

అమ్మ చీపురుతో బయటికొచ్చింది. "పాలిచ్చేదాన్ని బెదరగొడ్తవా? ఏందిర నీ లొల్లి? నడువ్!"

కెమెరాతో సహా అందరినీ గల్లీ చివరిదాకా తరిమింది. బర్రెను వెతికి తెచ్చేసరికి మధ్యాహ్నమైంది. మూడు రోజులు అది చేపలేదు, చుక్క పాలు దిగలేదు. పాలకు గిన్నెలు పట్టుకొచ్చినవాళ్లలో కొందరిని ఖాళీగా పంపించాల్సి వచ్చింది. బాపు తలొంచుకుని దానికి తవుడు తినిపిస్తూ కూర్చున్నాడు. ఆయన్ని చూస్తే జాలేసింది, ఆ దర్శకుడిని తలుచుకుంటే ఒళ్లు మండింది.

కొన్ని నెలలకు ఆ సినిమా వచ్చింది. బాపు బలవంతాన వెళ్లాను. సగం హాలు ఖాళీ, మిగతా సగం నిద్ర. బర్రె ఉరికినప్పుడు బాపు ఒక్కడే చప్పట్లు కొట్టాడు.

ఇంటికొచ్చాక అమ్మ అడిగింది, "ఎట్లుంది?"

"మస్తుంది," అన్నాడు బాపు.

"మన బర్రె ఒక్కతే మంచిగ చేసింది," అన్నాను నేను.